కుడి పక్క పలకని హెడ్‌ఫోన్లు

మార్చి 4, మంగళవారం

చిరంజీవి వాగుడుకాయకు అమ్మమ్మ దీవెనలు.

నువ్వు పంపిన పెట్టె నిన్న మధ్యాహ్నం అందింది. ఈ రోజే తిప్పి పంపుతున్నాను. పెట్టె విప్పి నువ్వు మూతి ముడుచుకునే లోపే కారణం తెలియాలని ఈ ఉత్తరం అందులోనే పెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నన్ను ఏనాడైనా ఒక వాక్యం పూర్తి చేయనిచ్చావా?

కారణం ఒక్కటే. ఈ హెడ్‌ఫోన్లకు కుడి పక్క పలకదు.

మొదటి జీతంతో కొన్నావని మీ అమ్మ చెప్పింది. నాకు సంతోషమే. కాని మొదటి జీతం అయినంత మాత్రాన కళ్లు మూసుకుని కొనాలని ఎక్కడా లేదు. పెట్టె మీద బొమ్మ బాగుందనో, ఆఫీసులో పక్క బల్ల అమ్మాయి మెచ్చుకుందనో కొనేసి ఉంటావు. కొనే ముందు చెవికి పెట్టుకుని చూశావా? చూసి ఉంటే ఆ కొట్టువాడు నీ నెత్తిన టోపీ పెట్టగలిగేవాడు కాదు. వెనక్కి ఇచ్చేసి డబ్బు తీసుకో. ఇవ్వనంటే రసీదు చూపించు. రసీదు పారేశానని మాత్రం నాకు చెప్పకు.

ఆ డబ్బుతో నీకే ఒక జత కొనుక్కుందువుగాని. నీ దగ్గర ఉన్నవాటి మెత్తలు చిరిగి వేలాడుతున్నాయని, తక్కువలో మంచివి ఏవని పోయిన నెల అడిగావు. రోజుకు నాలుగు గంటల చొప్పున తొమ్మిదేళ్లుగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసేదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పగలను. ఈ పనిని నువ్వు నీ స్నేహితులకు "మా అమ్మమ్మ రేడియో వింటుంది" అని చెబుతావని తెలిసింది. నేను రేడియో వినను. చూపులేని వాళ్ల గ్రంథాలయంలో, పై అంతస్తు గదిలో ఒకరు పుస్తకం పైకి చదివి రికార్డు చేస్తే, పక్క గదిలో నేను అచ్చుపుస్తకం ముందు పెట్టుకుని ఆ రికార్డు మొత్తం విని, ఏ పేజీలో ఏ మాట తప్పిందో, ఎక్కడ ఊపిరి అడ్డొచ్చిందో, ఏ నిమిషంలో కుర్చీ కిర్రుమందో రాస్తాను. చివర సంతకం పెడతాను. నా సంతకం పడ్డాకే అది చిన్న మెమరీ కార్డులోకి ఎక్కి వినేవాళ్ల ఇళ్లకు వెళుతుంది. జీతం లేదు. కాఫీ ఇస్తారు.

ఇక ఆ నాలుగు మాటలు. చెవిలోకి దూర్చుకునేవి నీకు వద్దు. నీకు చిన్నప్పుడు చెవిలో చీము పట్టేది. చెవి మీద బిళ్లలా కూర్చునేవీ వద్దు. కళ్లజోడు కాడను నొక్కి గంటలో కణత నొప్పి పుట్టిస్తాయి. చెవి మొత్తాన్ని లోపలికి తీసుకునేవి కొనుక్కో. మెత్తలకు గుడ్డ ఉండాలి. తోలులాంటిది వేసి అమ్మేవి ఎనిమిది నెలలకు పొట్టు రాలుస్తాయి, నల్లటి పొట్టు, చొక్కా నిండా. వైరు ఉన్నవాటికీ లేనివాటికీ పోలిక అడిగితే, వైరు లేనివి బస్సులో హాయి. కాని లోపలి బ్యాటరీ రెండేళ్లకు ముసలిదవుతుంది, మార్చే వీలుండదు, మంచి వస్తువును చెత్తబుట్టలో వేయాల్సి వస్తుంది. వైరు ఉన్నవాటికి ముందు పోయేది వైరే. అందుకని వైరు ఊడి వచ్చే రకం చూసుకో. వైరు ఒక్కటే మార్చుకుంటే పదేళ్లు వస్తాయి. కొట్టులో దబదబమని గుండె అదిరే పాట పెట్టి వినిపిస్తారు. దానికి పడిపోకు. నీకు బాగా తెలిసిన ఒక మనిషి గొంతు రికార్డు తీసుకెళ్లి అది విను. తెలిసిన గొంతు తెలిసినట్టే వినపడితే ఆ జత మంచిది. ధర ఆ తర్వాత అడుగు. కాస్త తల విదిలించి, అరగంట పెట్టుకుని, అప్పుడు డబ్బు తియ్యి. వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కుడి పక్క మాత్రం తప్పకుండా చూసుకో. ఈ కాలపు వస్తువులకు కుడి పక్కతో ఏం పగో నాకు అర్థం కాదు. నా పాత జతకు కుడి పక్క పోయి పద్నాలుగు నెలలు. ఎడమ పక్క బాగానే ఉందని, మాట వినడానికి ఒక పక్క చాలని సర్దుకున్నాను. డిసెంబరులో గ్రంథాలయం వాళ్లు కొత్తవి ఇచ్చారు. పెట్టెలోంచి తీసిన రోజే వాటికీ కుడి పక్క లేదు. నీది మూడోది.

పోయినసారి వచ్చినప్పుడు నీకు గొంతు నచ్చిన కండక్టరుగారు ఎలా ఉన్నారని అడిగావు. బాగానే ఉన్నారు. చదవడం మాత్రం లేదు. సెప్టెంబరులో ఆయన ఆరువందల పన్నెండు పేజీల నవల పూర్తి చేశారు, ఇరవై ఆరు గంటలు వచ్చింది. పంతొమ్మిది మందికి పంపాం. ఏడుగురు తిప్పి పంపారు. గొంతు వస్తూ పోతూ ఉందని, కొన్ని చోట్ల అసలు లేదని ఫిర్యాదు. నేను మళ్లీ విన్నాను. మాటలో తప్పు లేదు. ఆలోచిస్తే కారణం తట్టింది. గదిలో మనిషికి అటొకటి ఇటొకటి రెండు మైకులుంటాయి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి, స్టాపు పేరు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిరిగి అరవడం అలవాటు. చదివేటప్పుడూ మెడ తిప్పుతున్నారు. మైకు తప్పిపోతోంది. ఆయన్ని పిలిచి అదే చెప్పాను. వారం రోజులు కుర్చీ వీపుకు దిండు కట్టుకుని, మెడ కదలకుండా చదివి చూశారు. ఆ వారం కార్డులూ తిరిగొచ్చాయి. కమిటీకి నా నోటు రాశాను. అక్టోబరు నుంచి ఆయన కింద అంతస్తులో కార్డులు కవర్లలో పెట్టి చిరునామాలు అంటిస్తున్నారు. ఆయన్ని తప్పించాక ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? జాలి పడి పని చెడగొట్టుకోకూడదు. ఇది నీ ఉద్యోగంలో నీకూ పనికొస్తుంది.

గురువారం రిపేరు కొట్టుకు వెళుతున్నాను. గ్రంథాలయానికి ఆరు జతలు కొనడానికి డబ్బు మంజూరైంది, ఎంపిక నాకే అప్పజెప్పారు. ఆ కొట్టావిడతో ఈ కుడి పక్క సంగతి తేల్చుకుని వస్తాను.

ఆశీర్వదిస్తూ,
మీ అమ్మమ్మ


మార్చి 13, గురువారం

చిరంజీవి వాగుడుకాయకు,

దీవెనలు. ముందుగా ఒక దిద్దుబాటు. నువ్వు పంపిన హెడ్‌ఫోన్లలో ఏ లోపమూ లేదు. నువ్వు చూడకుండా కొన్నావని, కొట్టువాడు మోసం చేశాడని రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఈపాటికి తిరిగి ఇచ్చేసి ఉంటే ఆ కొట్టులో నా తరఫున తప్పు ఒప్పుకో. ఇవ్వకపోతే నువ్వే వాడుకో. గుడ్డ మెత్తలు, ఊడి వచ్చే వైరు. నేను చెప్పిన గుణాలన్నీ వాటికి ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన గురువారం ఏం జరిగిందో వరసగా రాస్తాను. నువ్వు చదివాక మీ అమ్మకు చెప్పాలా వద్దా అన్నది నేను చెబుతాను. అప్పటిదాకా నీ పేరుకు తగ్గట్టు ఉండకు.

రిపేరు కొట్టు నీకు తెలుసు, మందుల షాపుకూ మెట్లకూ మధ్య సందు లాంటిది. ఇద్దరు ఎదురైతే ఒకరు బయటికి రావాలి. ఆవిడ కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో ఫోను విప్పి కూర్చుంది. నేను నా పాత జత, డిసెంబరు జత బల్ల మీద పెట్టి, మీ దగ్గర కొన్నవి కావు కాబట్టి భయపడకుండా నిజం చెప్పమన్నాను. ఆవిడ రెండూ తన చెవులకు పెట్టుకుని విన్నది. గాజు అలమారలోంచి మూడు రకాలు తీసింది, ఒకటి చవక, ఒకటి మధ్యస్థం, ఒకటి మన మంజూరుకు మించింది. మూడూ పెట్టుకుని చూశాను. మూడింటికీ కుడి పక్క లేదు. ఇదేం కొట్టమ్మా అన్నాను. గట్టిగానే అన్నాను, మెట్ల మీద వాళ్లు తిరిగి చూశారు.

ఆవిడ కోప్పడలేదు. భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"మామ్మగారూ, అయిదు జతలకీ ఒకే జబ్బు ఉంటే ఆ జబ్బు జతది కాదండీ. ఒక్కసారి ఇటుది అటూ, అటుది ఇటూ పెట్టుకోండి."

పెట్టుకున్నాను. ఇంతసేపూ మూగగా ఉన్న కుడి బిళ్ల నా ఎడమ చెవిలో శుభ్రంగా పలికింది. పలికే బిళ్ల నా కుడి చెవి మీదికి వెళ్లి మూగబోయింది. లెక్కల టీచరుగా ముప్పై నాలుగేళ్లు పని చేశాను. రెండు పక్కలా ఉన్నవాటిని తారుమారు చేసి చూడడం ఆరో తరగతి పిల్లలకు నేను నేర్పిన పద్ధతి. పద్నాలుగు నెలలు నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడం సరైన మాట.

ఆవిడ నీళ్లు ఇచ్చింది. తాగాను. తర్వాత, మొదలుపెట్టిన పని పూర్తి చేయాలి కదా అని, తెలిసిన గొంతు పెట్టి వినే నా నియమం ప్రకారం సంచిలో తెచ్చుకున్న కార్డు ఇచ్చాను. నా చెవుల సంగతి సరే, నువ్వే విని ఏ జత మంచిదో చెప్పమ్మా అన్నాను. అది కండక్టరుగారి నవల. ఆవిడ రెండు నిమిషాలు విని, జత మార్చి మళ్లీ విన్నది.

"దీంట్లో ఎడమ పక్క గొంతు బ్రహ్మాండంగా ఉంది. కుడి పక్క కరకరమంటోంది, వస్తోంది, పోతోంది, ఇదిగో, ఇప్పుడు అసలు లేదు. మైకు వైరు పిన్ను దగ్గర తెగి ఉంటుందండీ."

చదివే మనిషి మెడ తిప్పితే ఇలా వస్తుందా అని అడిగాను.

"మెడ తిప్పితే గొంతు తగ్గుద్ది, కరకరమనదు. ఇక్కడ మెడ విరిగింది మనిషిది కాదండీ, వైరుది. రెండు చెవులున్న ఎవరైనా మొదటి నిమిషంలో పట్టేస్తారు. దీన్ని ఎవరు విని పాస్ చేశారు?"

నేను అని చెప్పలేదు. వస్తానమ్మా అని చెప్పి వచ్చేశాను. ఆవిడకు నేనేం పని చేస్తానో తెలియదు. అది నాకు ఆ రోజు ఊరటగా అనిపించింది. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత రాసేది దాని కొనసాగింపే.

సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. గాజు తలుపు ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు నేను దేనికీ నొక్కలేదు. పరీక్ష ఇంకా మొదలవలేదేమో అనుకున్నాను. కుడి చెవి నరం పోయిందట. ఏడాదిన్నర దాటి ఉంటుందట. తిరిగి రాదు. ఎడమది నా వయసుకు మెచ్చుకోదగ్గట్టు ఉందట. డాక్టరు నీ కంటే రెండు మూడేళ్లు పెద్దవాడు. మెచ్చుకోదగ్గట్టు అనే మాట నేను ఒకప్పుడు ప్రోగ్రెసు కార్డుల మీద రాసేదాన్ని.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అన్నీ లెక్కకొచ్చాయి. పోయిన ఏడాది అలారం గడియారం పారేశాను, ఎడమ పక్కకు తిరిగి పడుకున్న రోజుల్లో అది మోగేది కాదు. బెంచీ మీద ఎప్పుడూ కుడి చివర కూర్చుంటున్నాను. పాలాయన మర్యాద తప్పాడని, పిలవకుండా గిన్నెలో పోసి పోతున్నాడని మనిషినే మార్చాను. అతను పిలిచే ఉంటాడు. బళ్లో నన్ను వెనకాల పాముచెవుల టీచరు అనేవారు. వెనక బెంచీలో ఎవరు గుసగుసలాడినా పేరు పెట్టి లేపేదాన్ని. ఆ బిరుదు నాకు తెలియనట్టు నటించేదాన్ని కాని, నాకు ఇష్టంగానే ఉండేది.

చెవి పోవడం తప్పు కాదు. నా హెడ్‌ఫోన్లకు ఒక పక్క పోయిందని నాకు తెలుసు. తెలిసీ, ఒక పక్కే వింటూ, మొత్తం విన్నానని పద్నాలుగు నెలలు సంతకం పెట్టాను. తప్పు అది. సగం కూడి మొత్తం అని రాసే పిల్లలకు నేను సున్నా వేసేదాన్ని. ఆ సంతకాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషి మెడ మీద నేరం మోపాను. ఆయన నా మాట నమ్మి దిండు కట్టుకున్నారు.

ఇరవై ఒకటో తేదీ శుక్రవారం కమిటీ సమావేశం ఉంది. ఏం చేయాలో నిర్ణయించుకున్నాను. రాజీనామా ఇస్తాను. మోకాళ్ల నొప్పులు, రెండంతస్తుల మెట్లు ఎక్కలేకపోతున్నానని రాస్తాను. అది అబద్ధం కాదు, మోకాళ్లు నిజంగానే నొస్తాయి. అదే కాగితంలో, కండక్టరుగారిని తప్పించి ఐదు నెలలైంది కనుక ఇంకొక అవకాశం ఇచ్చి చూడవచ్చని సిఫారసు చేస్తాను. ఆయనకు కుర్చీ తిరిగి వస్తుంది. చెడిపోయిన వైరు ఎలాగూ ఏదో ఒక రోజు ఎవరో ఒకరికి దొరుకుతుంది. నా చెవి సంగతి నీకూ నాకూ డాక్టరుకూ తప్ప తెలియనక్కర్లేదు. ఎవరికీ నష్టం లేని దారి ఇది. ఎలా ఉందో చెప్పు. చెప్పేటప్పుడు కాస్త ఆలోచించి చెప్పు.

ఆశీర్వదిస్తూ,
మీ అమ్మమ్మ


మార్చి 22, శనివారం

చిరంజీవికి దీవెనలు.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి అన్న మాటకు ఆ రోజు జవాబు చెప్పకుండా పెట్టేశాను. లైను తెగిందని నువ్వు అనుకుని ఉంటావు. తెగలేదు. నువ్వు అన్నది నాకు ఎడమ చెవిలో బాగానే వినపడింది.

"కండక్టరుగారి మెడ అయిపోయింది, ఇప్పుడు నీ మోకాళ్ల మీద పడ్డావా అమ్మమ్మా?"

నీ వయసులో నేను మా అమ్మమ్మతో ఇలా మాట్లాడి ఉంటే ఆ రోజు అన్నం ఉండేది కాదు. అయినా ఆ మాటలో లెక్క సరిపోయింది. చేయని తప్పుకు ఆయనకు ఇంకొక అవకాశం ఇవ్వడమంటే, ఆ తప్పు ఆయనదేనని రెండోసారి రాయడం. రాజీనామా కాగితం చించేశాను.

సమావేశానికి ముందే వైరు నా కళ్లతో చూడాలని మంగళవారం పెందలాడే రికార్డింగు గదికి వెళ్లాను. కుడి మైకు పిన్ను దగ్గర వైరుకు నల్ల టేపు చుట్టి ఉంది. హడావిడిగా చుట్టింది కాదు, అంచు మీద అంచు వచ్చేలా, పొందిగ్గా. కిందికి దిగి కవర్ల బల్ల దగ్గరికి వెళ్లాను. కండక్టరుగారు చిరునామాలు అంటిస్తున్నారు. నాలుకతో తడపకుండా స్పాంజి మీద అద్ది అంటిస్తారు, టికెట్లు చించే రోజుల నుంచీ అదే అలవాటట. నన్ను చూసి లేచి, బల్ల చుట్టూ తిరిగి, నా ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డారు. అప్పుడు నాకు సగం అర్థమైంది.

పై గదిలో వైరుకు టేపు ఎవరు చుట్టారని అడిగాను. తనే అన్నారు. ఎప్పుడని అడిగితే, కిందికి పంపిన రోజున అన్నారు. మొదటి వారం నా మాట నమ్మి తన మెడను తనే తిట్టుకున్నారట. తర్వాత తిరిగొచ్చిన కార్డు ఒకటి ఇంటికి తీసుకెళ్లి, రోడ్డు పక్కన కొన్న చవక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నారట. పది నిమిషాల్లో తెలిసిపోయింది. తన తర్వాత చదవబోయే ఆవిడకు ఇబ్బంది కాకూడదని టేపు చుట్టి మెట్లు దిగారు. ఆయన పోయాక ఫిర్యాదులు ఎందుకు ఆగాయో నీకు ఇప్పుడు తెలిసింది కదా. నా రుజువు తయారు చేసి పెట్టింది ఆయనే.

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కాసేపు కవర్లు సర్దారు.

"బస్సులో ముప్పై ఒక్క ఏళ్లు టీచరుగారూ. ఎక్కడికండీ అని అడిగితే ఎవరు ఏ చెవి ఇస్తారో చూసుకుని, రెండోసారి ఆ పక్కకెళ్లి అడుగుతాం. మీ కుడి పక్క నుంచి నేను మూడుసార్లు పలకరించాను. మీరు పలకలేదు. గర్వమనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది. చెబితే మిమ్మల్ని ఆ కుర్చీలోంచి లేపేస్తారు. నేను ఒకసారి రిటైరైనవాణ్ణే, ఇంకోసారి రిటైరైతే ఏం పోయింది? మీకున్నది ఆ కుర్చీ ఒక్కటే కదా అని."

నేను ఆయనకు క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. మాటలు వరసగా సిద్ధం చేసుకుని వెళ్లాను. అవి చెప్పకుండా వేరేవి చెప్పాను.

"నాకు ఏమేం ఉన్నాయో ఆ లెక్క మీరు కట్టొద్దు. కార్డు తిప్పి పంపిన ఏడుగురిలో టెలిఫోన్ ఆపరేటరుగారు రెండు ఉత్తరాలు రాయించారు, నవల ఎప్పుడొస్తుందని. ఆయన ఎడమ చెవి రోడ్డు చప్పుడు కోసం వదిలేసి కుడి చెవితో వింటారు. ఐదు నెలలు. మీరు నా మీద జాలిపడ్డారు. ఆయన మీద ఎవరు పడాలి?"

కండక్టరుగారి చేతిలో స్పాంజి అలాగే ఉండిపోయింది. ఇంత కఠినంగా మాట్లాడాల్సింది కాదేమో. కాని అది నిజం. నేను గర్వంతో, ఆయన దయతో, ఇద్దరం కలిసి ఏడుగురి చేతుల్లోంచి ఒక పుస్తకం లాక్కున్నాం. దయ అన్నంత మాత్రాన లెక్కలోంచి కొట్టేయడానికి వీల్లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన స్పాంజి పక్కన పెట్టి, "అయితే మనిద్దరికీ సున్నాయేనా టీచరుగారూ?" అని అడిగారు. నాకు రెండు సున్నాలన్నాను. ఆయన నవ్వారు. అప్పుడు నేను సిద్ధం చేసుకున్న క్షమాపణ చెప్పాను. అంత నవ్వు తర్వాత అది అంత బాగా రాలేదు. ఆయన తల ఊపి, మళ్లీ అంటించడం మొదలుపెట్టారు. క్షమించానని అనలేదు. అనమని నేను అడగలేదు.

శుక్రవారం సమావేశంలో నిలబడి మొత్తం చదివాను. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టాను. అక్టోబరు మినిట్సులో కండక్టరుగారి గురించి నేను రాసిన నోటు కొట్టివేయవద్దని, దాని కిందనే ఇది తప్పు అని, ఎవరి తప్పో పేరుతో రాయమని కోరాను. గ్రంథాలయాధికారి ఇబ్బందిపడ్డాడు. ఇంత వివరంగా రాయనక్కర్లేదు మేడమ్, సాంకేతిక లోపం అని ఒక ముక్క వేసి వదిలేద్దాం అన్నాడు. లోపం వైరుది, సంతకం నాది, రెండూ రాయమన్నాను. రాశాడు. కండక్టరుగారు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని విన్నారు. తన వంతు వచ్చినప్పుడు లేచి, వైరు సంగతి తెలిసీ చెప్పలేదని తనే ఒప్పుకున్నారు. అదీ రాశారు. ఆయన మెడ ఒకసారి కూడా పక్కకు తిరగలేదు. ఆ మాట చెప్పాలనిపించింది, సందర్భం కాదని ఊరుకున్నాను.

తర్వాత, బుధవారం మళ్లీ కొట్టుకు వెళ్లి నా పని సంగతి చెప్పి అడిగితే రిపేరు కొట్టావిడ ఇచ్చిన సలహా చెప్పాను. మన దగ్గర వినేవాళ్లలో చాలామంది ఒక చెవితోనే వింటారు, రెండోది వీధికి కావాలి. అలాంటప్పుడు రెండు పక్కలకూ వేరువేరు శబ్దం ఎందుకు, రెండు పక్కలా ఒకటే గొంతు పోస్తే సరిపోతుంది అన్నదావిడ. ఒక మీట నొక్కితే అయ్యే పనట. గ్రంథాలయాధికారి ముఖం వెలిగింది. అలాగైతే ఒక చెవితోనే సరిచూడవచ్చు, మీరు కొనసాగవచ్చు కదా మేడమ్ అన్నాడు. మంచివాడు. కమిటీలో అందరూ తలలు ఊపారు. నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం నా తల కూడా ఊగబోయింది. ఆ గదిలో ఆకుపచ్చ గుడ్డ అంటించిన గోడ, నా పెన్సిలు, ఎవరూ కనపడకుండా చెవిలో ఒక మనిషి చదువుతూ పోవడం, తొమ్మిదేళ్లు. అది నాకు ఎంతో కండక్టరుగారు సరిగానే లెక్క కట్టారు. అందుకే ఆయన మీద అంత కోపం వచ్చింది. కాని నాకు వీలుగా ఉందని నియమం మార్చుకోవడం మోకాళ్ల నొప్పికంటే ఏమంత గొప్పది కాదు. వద్దని చెప్పాను.

మీ అమ్మకు నువ్వే చెప్పు. నేను చెబితే ఏడుస్తుంది, నువ్వు చెబితే నిన్ను తిడుతుంది, రెండోదే త్వరగా తేలుతుంది.

ఇక జరగవలసినవి, సమావేశంలో ఖాయమైన వరసలో:

1. నవల మొదటి పేజీ నుంచి మళ్లీ రికార్డు కావాలి. పాతదానికి అతుకులు వేయకూడదు.

2. మైకుకు కొత్త వైరు. టేపు పనికిరాదు, ఎంత పొందిగ్గా చుట్టినా.

3. ఇకమీద ప్రతి పుస్తకంలో రెండు పక్కలా ఒకే గొంతు రావాలి. పద్నాలుగు నెలల్లో నేను సంతకం పెట్టిన పుస్తకాలన్నీ, నలభై ఒకటి, రెండు చెవులున్న మనిషి మళ్లీ వినాలి.

4. సరిచూసే వాళ్లకు ఏడాదికొకసారి చెవి పరీక్ష. ఎవరికీ మినహాయింపు లేదు.

5. ఆరు జతలు మధ్యస్థం రకం కొనాలి. కొనే ముందు ప్రతి జతను ఇద్దరు విడివిడిగా పెట్టుకుని చూడాలి.

6. టెలిఫోన్ ఆపరేటరుగారికి నేనే ఫోన్ చేసి చెప్పాలి. ఉత్తరం రాస్తే ఇంకొకరి చేత చదివించుకోవాలి, నా తప్పు ఇంకొకరి నోట వినాలి. అది కుదరదు.

7. సోమవారం పది గంటలకు కండక్టరుగారు పై గదిలో ఉంటారు. కింద కవర్ల బల్ల దగ్గర, ఆయన ఐదు నెలలు కూర్చున్న కుర్చీలో, ఐదు నెలలు నేను ఉంటాను.

ఆశీర్వదిస్తూ,
మీ అమ్మమ్మ